నాలుగడుగుల తీసివేత

మళ్ళీ మూడు గీతలే. అంకె ఉండాల్సిన చోట మూడు అడ్డగీతలు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి, మళ్ళీ వెలుగుతున్నాయి, ఇంతకన్నా నాకేం తెలియదు పొమ్మన్నట్టు. టైము పదీ ఐదు. పదకొండింటికి మరదలు తమ్ముణ్ణి తీసుకొస్తుంది. ఆ లోపల పడవలోని ఈ లోతు మిషన్ ఒక అంకె చూపించాలి, ఆ అంకె చూసి వాడు నోరు తెరవాలి. పద్నాలుగు నెలలుగా తెరవని నోరు. గొంతులో లోపం లేదట, నాలుకలో లోపం లేదట, పగిలిన చోట ఎముక అతుక్కుందట, అన్నీ బాగానే ఉన్నాయట, మాట ఒక్కటే లేదు. మాటలు నేర్పే డాక్టరమ్మ నిన్నగాక మొన్న చెప్పేసింది, ఈ వారంలో ఒక్క మాటైనా రాకపోతే పాఠాలు ఆపేసి ఆయన్ని కొండమీది వసతి గృహానికి పంపడమే మంచిదని. అక్కడ మాటలు నేర్పరు. తినిపిస్తారు, పక్క మారుస్తారు, కిటికీ దగ్గర కూర్చోబెడతారు. "చేత్తో కాదు, నోటితో చేసే పాత అలవాటు ఏదైనా ఉందా?" అని ఆవిడ అడిగితే మరదలు తెల్లమొహం వేసింది. నేను ఉందన్నాను. ఈ పడవలో, గది తలుపు దగ్గర నిలబడి, మిషన్ చూస్తూ గట్టిగా లోతు చెప్పేవాడు, నేను వెనక చుక్కాని పట్టుకునేదాన్ని. ఇరవై రెండేళ్ళు చెప్పాడు. అయితే అదే చూపించండి అంది డాక్టరమ్మ. చూపించడానికి ఇది పనిచేయాలి కదా తల్లీ.

ఇందులో తమాషా ఏమిటంటే, ఈ మిషన్ చెడిపోయిందని ఊరందరికీ చెప్పింది నేనే. పడవ ఇసుకదిబ్బని గుద్దుకుని వాడి తల పగిలిన రోజు సాయంత్రం, ఆసుపత్రి వరండాలో, మరదలు నా రెండు చేతులూ పట్టుకుని ఏమైంది వదినా అని అడిగితే నా నోట వచ్చిన మొదటి మాట అది. మిషన్ తప్పు చూపించింది. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు, ఇది ఎంత బాగా అతికిందంటే రేవు ఆఫీసులో కాగితం మీదకి ఎక్కింది, చుట్టాలు మిషన్ని తిట్టారు, మరదలైతే శాపనార్థాలు పెట్టింది. పాపం ఆ రోజు అది శుభ్రంగా పనిచేసింది. ఎంత ఉందో అంతే చూపించింది. ఊరికే నోరు జారకు, పైన తథాస్తు దేవతలుంటారు అని అమ్మ అనేది. ఉన్నట్టే ఉన్నారు, కాస్త నింపాదిగా తిరుగుతారు కాబోలు. మొన్న ఆదివారం వచ్చి స్విచ్చి వేస్తే నిజంగానే మూడు గీతలు. నా మాట నిజమైంది, నాకు అక్కర్లేని రోజున.

ముందు కరెంటు చూడు, తర్వాత అతుకులు చూడు, అన్నీ అయ్యాక మనుషుల్ని చూడు. ఇది నాన్న సూత్రం. రేడియోలు బాగుచేసే కొట్టు ఆయనది, తర్వాత అది టీవీల కొట్టయింది, తర్వాత మా ఇద్దరిదీ అయింది, ఆ తర్వాత ఎవరూ ఏదీ బాగుచేయించుకోవడం మానేశాక ఎవరిదీ కాకుండా పోయింది. కరెంటు చూశాను, బ్యాటరీ దగ్గర మీటరు పన్నెండున్నర వోల్టులు చూపించింది. ఫ్యూజు తీసి వెలుతురుకి పట్టి చూశాను, తీగ బాగానే ఉంది. మిషన్ వెనక ప్లగ్గు విప్పితే పిన్నుల మీద పచ్చగా చిలుము, బ్లేడుతో గీకి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టాను. గీతలే. వైరు ఎక్కడైనా తెగిందేమోనని బల్ల కింద అరలోంచి, ఆ అర వెనక సందులోంచి, చేత్తో తడుముకుంటూ పోతున్నాను, బోర్లా పడుకుని, తల పడవ పొట్టలో, కాళ్ళు ఎక్కడున్నాయో నాకే తెలియదు. యాభై ఎనిమిదేళ్ళకి ఇదీ నా యోగాసనం. చెక్కవంతెన మీద నడిచిపోతున్న రేవు కాపలాదారు ఆగి, "అక్కగారూ, ఏమైనా పడిపోయిందా?" అన్నాడు. "నా తెలివి పడిపోయింది, వెతుకుతున్నా," అన్నాను. నవ్వి వెళ్ళిపోయాడు. వైరు మీద ఎక్కడా గాటు లేదు. ఇటు కొస నుంచి అటు కొసకి మీటరు పెడితే తెగలేదన్నట్టు కుయ్యిమంది. పదీ ఇరవై రెండు. కరెంటు చూశాను, అతుకులు చూశాను. ఇక మనుషుల్ని చూడాలంటే ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను.

మా ఇంటికి ఒక రోగం ఉంది, దాన్ని మేం మంచితనం అనుకునేవాళ్ళం. ఎవరిలో ఏ లోపం కనపడినా చెప్పకుండా సరిచేసేయడం. చెబితే ఎదుటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని. నాయనమ్మకి మతిమరుపు మొదలయ్యాక కూరలో ఉప్పు వేయడం మరిచిపోయేది, ఆవిడ అటు తిరగగానే అమ్మ ఇటు వేసేది. నాయనమ్మకి ఒక్కోరోజు గుర్తుండేది, ఆ రోజు కూర నోట పెట్టలేం. దాంతో అమ్మ మానేసింది. సరిగ్గా అప్పుడే, కోడలు వేస్తోందని కనిపెట్టిన నాయనమ్మ తనూ మానేసింది, ఇక వారం రోజులు చప్పిడి తిండి. నాన్న తలొంచుకుని తిని లేచిపోయేవాడు. నేనూ తమ్ముడూ బల్ల కింద కాళ్ళతో తన్నుకుంటూ నవ్వు ఆపుకునేవాళ్ళం. ఒక్కరంటే ఒక్కరు ఇవాళ ఉప్పు నేను వేశాను అంటే సరిపోయేది. కూర చప్పగా ఉంటే ఎవరి తలా పగలదు కనక అది ఇంట్లో నవ్వులాటగా మిగిలిపోయింది. ఆ నవ్వులాటని నేనే చెప్పుకుని చెప్పుకుని నవ్వాను, పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో, చివరికి అమ్మ పోయిన మర్నాడు కూడా. ఇప్పుడు ఎవరైనా ఉప్పు అందుకోమంటే చెయ్యి ఆగిపోతుంది.

ఈ పడవ నీళ్ళలో నాలుగడుగులు దిగి ఉంటుంది. మిషనేమో నీటి లోతు మొత్తం చెబుతుంది. కాబట్టి అది పది అంటే పడవ కింద మిగిలింది ఆరే. ఆ నాలుగు తీసేయడం తమ్ముడి పని. నేను వెనక నుంచి "ఎంత్రా?" అని అరవాలి, వాడు మిషన్ చూడాలి, ఎడమచేతి బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళనీ ఒక్కొక్కటే తాకాలి, తాకి "ఆరు!" అనాలి. బళ్ళో లెక్కలకి వాడికి ఎప్పుడూ గుండుసున్నాయే, ఈ ఒక్క తీసివేత మాత్రం వచ్చు, అదీ వేళ్ళ మీద. వాడికి కళ్ళజోడు వచ్చిన ఏడాది నాకు బెంగ పట్టుకుంది, ఎప్పుడో తప్పుతాడని. మిషన్‌కే ఒక బొత్తం ఉంది, ఐదు సెకన్లు నొక్కిపెడితే ఎంత తీసేయమంటావని అడుగుతుంది, నాలుగు అని పెడితే ఇక అదే తీసేసి చూపిస్తుంది. పెట్టేశాను. వాడికి చెప్పలేదు. నీకు లెక్క రాదురా అని మొహం మీద అన్నట్టుంటుంది కదా. వాడు ఎప్పట్లాగే వేళ్ళు తాకాడు. మిషన్ ఒకసారి తీసింది, వాడు ఇంకోసారి తీశాడు, ఆ ఏడాదంతా మేం పిరికివాళ్ళలా లోతు నీళ్ళలోనే తిరిగాం. ఏ వాగు నోటికి దగ్గరైనా వాడు "ఒకటే ఉందక్కా, తిప్పెయ్!" అనేవాడు, నేను తిప్పేసేదాన్ని. చివరికి అనుమానం వచ్చి ఒకరోజు తాడుకి సీసపు గుండు కట్టి వదిలి చూశాను. ఓహో, ఇద్దరమూ తీస్తున్నాం. ఆ సాయంత్రమే వాడు తెరచాప మడుస్తుండగా బొత్తం నొక్కి నాలుగు చెరిపేసి సున్నా పెట్టాను. మళ్ళీ చెప్పలేదు. ఏడాదిగా నీ మీద నమ్మకం లేక ఇలా చేశానురా అని ఏ మొహం పెట్టుకుని చెప్పను.

మనిషి కదా, వాడికీ కళ్ళున్నాయి కదా. నేను వెనక సీసపు గుండు వదులుతున్న అదే మధ్యాహ్నం వాడు ముందువైపు తెడ్డు నీళ్ళలో దించి చూశాడని నాకెలా తెలుస్తుంది. తెలిసింది, ఆసుపత్రివాళ్ళు వాడి బట్టలు కవర్లో పెట్టి నా చేతికిచ్చాక. చొక్కా జేబులో చిన్న పుస్తకం, పెన్సిలుతో, వాడి కోడిగీతల్లో: "మిషనే నాలుగు తీస్తోంది. ఏడాదిగా నేను మళ్ళీ తీస్తున్నాను. ఇక తీయను. అక్కకి తెలిస్తే జన్మంతా ఏడిపిస్తుంది." ఏడిపించేదాన్నే. ఎంత హాయిగా ఏడిపించేదాన్నో. ఆ కాగితం మరదలికి చూపించలేదు, ఇదిగో ఈ పనిముట్ల డబ్బాలో స్క్రూల కింద ఉంది. వాడు అలా రాసుకున్నాక, నేను సున్నా పెట్టాక, పడవ వేసుకెళ్ళిన మొదటిసారే అది జరిగింది. గాలి బాగుంది. ఏడాదిగా పోని వాగు నోటికి ఇవాళ పోదామని ఇద్దరికీ మనసులో ఉంది, ఎవరి కారణం వాళ్ళ దగ్గర దాచుకుని. "ఎంత్రా?" అన్నాను. "ఐదు!" అన్నాడు. పడవ కింద ఐదడుగులు ఇంకా మిగిలి ఉన్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాను, తెరచాప తాడు వదులు చేయలేదు. వాడు వేళ్ళు తాకాడో లేదో చూడలేదు. "నాలుగున్నర!" అన్నాడు, ఇంకా హుషారుగా. నిజానికి అప్పటికి మా కింద ఉన్నది అరడుగు. పడవ ఆగిపోయింది, మేం ఆగలేదు. "అక్కా, తగిలింది," అన్నాడు, అంటూనే వెనక్కి మెట్ల మీదుగా గదిలోకి పడ్డాడు, తల అంచుకి కొట్టుకుంది. అదే ఆఖరి మాట. అది కూడా సరైన లెక్కే.

పదీ ముప్పై ఒకటి. మిగిలింది శబ్దం పంపే బిళ్ళ ఒక్కటే. మెట్ల కింద పలక ఎత్తితే, పడవ పొట్టకి అతికించిన ప్లాస్టిక్ గిన్నె, గిన్నె నిండా నూనె, నూనెలో మునిగిన బిళ్ళ. ఉండాల్సింది అలాగ. బిళ్ళ కిందికి శబ్దం పంపుతుంది, అది నేలకి తగిలి తిరిగొస్తే ఎంతసేపు పట్టిందో చూసి మిషన్ లోతు చెబుతుంది, మధ్యలో నూనె లేక గాలి ఉంటే శబ్దం పడవ గోడ కూడా దాటదు. మూత తిప్పాను. ఎండిపోయింది. అడుగున జిగురు మాత్రం మిగిలింది, గిన్నె పక్కన వెంట్రుకంత పగులు, దానికింద చెక్క మీద పాత మరక. ఈ పగులు ఎప్పటిదో అడగక్కర్లేదు. ఆ దెబ్బకి పగిలింది, బొట్టు బొట్టుగా కారిపోయింది, ఇన్నాళ్ళూ ఇది ఎండిపోతూ ఉంది, నేను ఒడ్డున మిషన్ వల్లే, మిషన్ వల్లే అంటూ ఉన్నాను. మిషన్ చెడి పడవ గుద్దుకోలేదు. పడవ గుద్దుకుని మిషన్ చెడింది. ఈ ఒక్క ముక్క మరదలితో చెప్పడానికి ఎంతసేపు పడుతుంది, ఒక ఊపిరి. పద్నాలుగు నెలలు పట్టింది, ఇంకా పట్టేట్టుంది.

పగులుకి సబ్బు రుద్దాను, నాన్న తన స్కూటరు పెట్రోలు ట్యాంకుకి రుద్దినట్టు. గంటసేపు ఆగితే చాలు, నాకు కావాల్సింది గంటే. మందుల డబ్బాలో ఆముదం సీసా ఉంది, పడవలో వేరే నూనెలు ఏమీ లేవు, ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం. మూత తీయగానే ఆ వాసన. వాడికి ఐదేళ్ళు, నాకు పదకొండు, నెలకోసారి వాడికి ఆముదం పట్టించే డ్యూటీ నాది. పళ్ళు బిగించుకుని కూర్చునేవాడు, రాక్షసుడు, ఇద్దరు మనుషులు పట్టుకున్నా తెరిచేవాడు కాదు. నేను మెల్లగా వచ్చి ముక్కు మూసేదాన్ని. అంతే, పదంకెలు లెక్కపెట్టేలోపు నోరు తెరుచుకునేది, గరిటెడు పోసేసేదాన్ని, ఆ తర్వాత రోజంతా ఆముదం తాగిన మొహంతో నా వెనకే తిరిగేవాడు, కోపంగా, కానీ నా వెనకే. వాడి నోరు తెరిపించడం అప్పుడు అంత సులువు. గిన్నె నిండేదాకా పోశాను, బుడగలు లేకుండా బిళ్ళని పక్కకి వంచి దించాను, మూత బిగించాను, పాకుతూ పైకి వచ్చి చూశాను. గీతలు. గీతలు. తర్వాత ఏడు.

ఏడు. ఆరు పాయింట్ తొమ్మిది. మళ్ళీ ఏడు. సంతోషం కలగాలి, కలగలేదు, మెడ పట్టేసి ఉంది. అంకె చూస్తూ ఆలోచించాను. రెండూ రెండూ ఎంత అని డాక్టరమ్మ వేళ్ళు చూపిస్తే వాడు ఆవిడ ఉంగరం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ తలతో ఏడులోంచి నాలుగు ఎలా తీస్తాడు? లెక్క దగ్గరే ఆగిపోతే మాట దాకా రాడు. కనిపించిందే చదివితే చాలు. బొత్తం మీద వేలు పెట్టి ఐదు సెకన్లు నొక్కాను. సున్నా అంది, నేను చివరిసారి పెట్టిన సున్నా, అలాగే ఉంది. నాలుగు చేశాను. తెర మీద మూడు వచ్చింది. సరిగ్గా అప్పుడే వంతెన చెక్కలు కిర్రుమన్నాయి.

"వదినా, ఆయనకి ఎడమకాలు తడబడుతుంది, కాస్త చెయ్యివ్వండి." కాపలాదారు ఒకవైపు, మరదలు ఒకవైపు, మధ్యలో వాడు, ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. పెళ్ళికి బయల్దేరదీసినట్టు తయారుచేసింది పిచ్చిది. కాపలాదారు పడవలో దింపి వెళ్ళిపోయాడు. వాడు నన్ను చూశాడు, బల్లని చూసినట్టే చూశాడు. మరదలు మిషన్ని చూసింది, సవతిని చూసినట్టు. "ఇదేనా?" అంది. బాగుచేశానన్నాను. "ఆ రోజే బాగుండి ఉంటే ఎంత బాగుండేది వదినా," అంది. ఎత్తిపొడుపు కాదు, దానికి ఎత్తిపొడవడం రాదు. ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాను, వాడు నోరు తెరిచాక చెబుదాం అనుకున్నాను, వాడు తెరిచాక అది నన్ను తిట్టినా ఫర్వాలేదు అనుకున్నాను. వాణ్ణి తలుపు దగ్గర నిలబెట్టాం. నేను వెనక్కి వెళ్ళి చుక్కాని పట్టుకున్నాను. కదలని పడవకి చుక్కాని.

"ఎంత్రా?" అన్నాను.

నీళ్ళు పడవ పక్కన చప్పరిస్తున్నాయి. "మూడు అనండి, మూడు," అంటోంది మరదలు గుసగుసగా. నేను గట్టిగా, వాగు నోటి దగ్గర అరిచినట్టే అరిచాను, "ఎంత్రా?" వాడి తల కదిలింది. తెర వైపు. ఎడమచెయ్యి పైకి లేచింది, బొటనవేలు మెల్లగా చూపుడువేలికి తగిలింది, తర్వాత నడిమివేలికి, తర్వాత ఉంగరపు వేలికి, తర్వాత చిటికెనవేలికి. తీస్తున్నాడు. వెధవ, తీస్తున్నాడు. ఇక తీయను అని రాసుకున్న ఆ చివరి వారం వాడి తలలోంచి పోయింది, అంతకుముందు ఇరవై రెండేళ్ళు అలాగే ఉన్నాయి. మూడులోంచి నాలుగు. వాడి రెండు చేతులూ పక్కనున్న ఇనుప కమ్మీని పట్టుకున్నాయి, మోకాళ్ళు వంగాయి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"తగిలింది," అన్నాడు.

మరదలు కేక పెట్టింది. "మాట్లాడారు! వదినా, మాట్లాడారు!" నవ్వుతోంది, ఏడుస్తోంది, వాడి వీపు నిమురుతోంది, "ఏం తగిలిందండీ? ఎక్కడ తగిలింది? చెప్పండి," అంటోంది. నాకు మాత్రం తప్పు ఎక్కడుందో వెంటనే కనపడింది, లెక్క తప్పు, మళ్ళీ నాదే, మళ్ళీ ఇద్దరం తీశాం. సరిచేయొచ్చు. ఇప్పుడే చేయొచ్చు. మరదలు ఫోను కోసం సంచిలో వెతుక్కుంటుంటే ముందుకొచ్చి బొత్తం నొక్కాను, ఐదు సెకన్లు, నాలుగు చెరిపేసి సున్నా. తెర మీద ఏడు వచ్చింది. ఏడులోంచి నాలుగు తీస్తే మూడు, వాడికి వచ్చిన లెక్క, ఇరవై రెండేళ్ళు చేసిన లెక్క. చెవి దగ్గరగా వంగి మెల్లగా అడిగాను. "ఎంత్రా నాన్నా?" వాడు కళ్ళు తెరిచాడు. ఏడుని చూశాడు. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలు, చిటికెనవేలు. నేను వాడి పెదాలనే చూస్తున్నాను, మూడు అను, మూడు అనరా, ఒక్కసారి మూడు అను. వాడు మళ్ళీ కమ్మీ పట్టుకుని మోకాళ్ళు వంచాడు. "తగిలింది," అన్నాడు.

అప్పుడు తెలిసింది, సరిచేయడానికి ఇందులో ఏమీ మిగల్లేదని. మూడు పెట్టినా, ఏడు పెట్టినా, నడిసముద్రానికి తీసుకెళ్ళి వంద చూపించినా వాడు అక్కడే ఉంటాడు, పడవ ఆగిపోయిన ఆ క్షణంలో, మెట్ల మీద పడేముందు. "అమ్మాయ్, నీకొక మాట చెప్పాలి," అన్నాను. "ఆ రోజు మిషన్..." "తర్వాత వదినా, తర్వాత," అంది అది, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ. "డాక్టరమ్మా, మాట వచ్చింది! రెండుసార్లు! లేదు, ఊరికే అరవడం కాదు, మాటే! ఇక కొండమీదికి పంపక్కర్లేదుగా? ఆగండి, మీకే వినిపిస్తాను." ఫోను తీసి వాడి నోటి దగ్గర పట్టింది. వాడు ఇంకా కమ్మీ వదల్లేదు, వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి, నుదుటి మీద చెమట పట్టింది. ఆ చెమట అది చూడలేదు, వాడి పెదాలనే చూస్తోంది, నా వైపు తిరిగి తొందరగా చెయ్యి ఊపింది.

"వదినా, మళ్ళీ అడగండి. మీరు అడిగితేనే అంటున్నారు."

ఎంత్రా, అని అడిగాను.